ఫన్ అనే మాట క్లాసులో ఎలా చెప్పాలంటే

విజయనగరం

చి. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఎనిమిదో తరగతి పిల్లలకి 'ఫన్' ఎలా చెప్పాలని అడిగావు. చిన్న మాటే కదా అని బోర్డు మీద అర్థం రాసి దాటేయకు. 'ఫన్ అంటే సరదా' అని వదిలేస్తే మర్నాడే 'ద పిక్నిక్ వజ్ వెరీ ఫన్నీ' అని రాసుకొస్తారు. చింతపల్లి బీచ్‌లో హాయిగా గడిపామని వాళ్ల ఉద్దేశం. చదివినవాళ్లకి మాత్రం ఆ పిక్నిక్ నవ్వులాటగా జరిగిందనో, అక్కడ ఏదో తేడా జరిగిందనో అనిపిస్తుంది. పిల్లల్ని అని లాభం లేదు. సరదాకీ, నవ్వుకీ, వింతకీ, ఎటకారానికీ మనకి వేరువేరు మాటలున్నాయి. ఇంగ్లీషులో ఆ నాలుగూ ఫన్, ఫన్నీల చుట్టూనే తిరుగుతాయి. కాబట్టి తను చెప్పదలుచుకున్నది ఆ నాలుగింట్లో ఏదో ముందు తెలుగులో తేల్చుకోవడం నేర్పు.

మొదటి ఐదు నిమిషాలు పలకడానికి ఇయ్యి. మన పిల్లలు చాలామంది రెండు పెదాలూ కలిపి 'పన్' అంటారు. అది వేరే మాట, శ్లేష అని అర్థం. ఇంకొందరు సాగదీసి 'ఫ్యాన్' చేసేస్తారు. పైపళ్లు కింది పెదవి మీద ఆనించి గాలి వదలమను. సరిగ్గా పలికితే ఆ 'ఫ్' ని మూడు సెకన్లు ఆపకుండా సాగదీయొచ్చు. 'ప్' అలా సాగదు, ఒక్కసారే పేలిపోతుంది. ఈ పరీక్ష ప్రతి పిల్లా తనకు తానే చేసుకోగలదు, నువ్వు నోట్లోకి తొంగి చూడక్కర్లేదు.

తర్వాత బోర్డు మీద నాలుగు గళ్లు గియ్యి: సరదా, నవ్వొచ్చేది, తేడాగా ఉన్నది, ఎటకారం.

ఎక్కువ తప్పులు సరదా గడిలోనే వస్తాయి, సగం పీరియడ్ దానికే పెట్టు. మనం 'ఫన్ చేశాం' అంటాం కాబట్టి పిల్లలు 'వియ్ డిడ్ ఫన్' అంటారు. ఇంగ్లీషులో ఫన్ చేసేది కాదు, ఉండేది: 'వియ్ హ్యాడ్ ఫన్'. ఆ వెనకాల పని పేరు రావాలంటే 'ఇంగ్' తగిలించాలి: 'వియ్ హ్యాడ్ ఫన్ ఫ్లయింగ్ కైట్స్'. లెక్కపెట్టే వస్తువు కాదు గనక 'ఫన్స్' లేదు, ఒట్టి 'ఎ ఫన్' కూడా లేదు. నీళ్లలాంటిది అని చెప్పు, వెంటనే పట్టుకుంటారు. ఎంత ఎక్కువైనా 'ఎ లాట్ ఆఫ్ ఫన్', 'గ్రేట్ ఫన్' అనాలి. 'వెరీ ఫన్' రాస్తే దిద్దు. అప్పుడు ఎవరో ఒకరు లేచి, 'మరి ఎ ఫన్ గేమ్ అంటారు కదా' అని అడుగుతారు. అడగాలి కూడా. అక్కడ 'ఎ' ఫన్‌ది కాదు, గేమ్‌ది. పోల్చేటప్పుడు 'మోర్ ఫన్' అను. 'ఫన్నియర్' అంటే ఇంకా నవ్వొచ్చేది అని.

నవ్వొచ్చేదానికి పెద్దగా చెప్పక్కర్లేదు. జోక్, కోతి చేష్ట, 'వెరీ ఫన్నీ', అయిపోయింది.

తేడా గడి పిల్లలకి కొత్త. 'ద కర్డ్ స్మెల్స్ ఫన్నీ' అంటే పెరుగు నవ్విస్తోందని కాదు, వాసన తేడాగా ఉంది, తినొద్దని. ఇక్కడ మోచెయ్యి చూపించు. బెంచీ అంచుకి మోచెయ్యి వెనకభాగం తగిలితే చిటికెనవేలి దాకా జివ్వుమంటుంది కదా, ఆ చోటుకి ఇంగ్లీషులో 'ఫన్నీ బోన్' అని పేరు. నిజానికి జివ్వుమనేది ఎముక కాదు, అక్కడ చర్మం కిందే పోయే నరం. ఎవరి మోచెయ్యి వాళ్లు తడుముకుని ఆ చోటు పట్టుకున్నాక ఈ అర్థం మరిచిపోరు.

ఎటకారం గడిలో 'మేక్ ఫన్ ఆఫ్'. 'నా మీద' అనుకుని 'మేడ్ ఫన్ ఆన్ మి' రాస్తారు, 'ఆఫ్ మి' అని దిద్దు. దీని పక్కనే 'ఇన్ ఫన్' చెప్పు. 'ఐ సెడ్ ఇట్ ఇన్ ఫన్' అంటే నొప్పించాలని కాదు, ఊరికే ఆటపట్టించానని. 'ఫర్ ఫన్' వేరు, అది కాలక్షేపానికి చేసే పని. యాసనో, రంగునో పట్టుకుని తోటివాళ్లు ఏడిపిస్తుంటే 'దే మేక్ ఫన్ ఆఫ్ మి' అని నోరు తెరిచి టీచరుకి చెప్పగలగడం ప్రతి పిల్లకీ కావాలి. అందుకే ఈ గడి టైం చాలలేదని మానేయకు.

ఇంకోటి, మాట బరువు. ఫన్ తేలికపాటి మాట. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో దాన్ని నాసిరకం మాటల్లోనే వేశాడు. ఇప్పుడు ఆ చిన్నచూపు పోయినా తేలికదనం పోలేదు. పైడితల్లమ్మ తీర్థం మీద వ్యాసం రాయమంటే పిల్లలు 'సిరిమాను వజ్ ఫన్' అనేస్తారు. తీర్థంలో రంగులరాట్నం ఫన్, జీళ్లు కొనుక్కోవడం ఫన్. సిరిమాను అనే పొడవాటి చెట్టు మాను కొసన కూచుని పూజారి కోట వైపు వస్తుంటే జనం చేతులెత్తి మొక్కుతారు, దానికి ఫన్ సరిపోదు. 'ఇట్ వజ్ ఎ గ్రేట్ సైట్' అనిపించు. హెడ్మాస్టరుకి రాసే ఉత్తరంలో, ఉద్యోగం దరఖాస్తులో కూడా ఫన్ బదులు 'ఎంజాయబుల్' రాయమను.

చివరి పది నిమిషాలకి పన్నెండు వాక్యాలు తెలుగులోనే రాసుకుని వెళ్లు, గడికి మూడు చొప్పున, వరస కలిపేసి. నువ్వు చదవాలి, పిల్ల ముందు గడి పేరు చెప్పాలి, ఆ తర్వాతే ఇంగ్లీషు. గడి తప్పితే ఇంగ్లీషు దాకా పోనివ్వకు. నోటు పుస్తకాలు దిద్దేటప్పుడు ఎర్రగీత కొట్టి ఊరుకోకుండా పక్కన 'సరదా' అనో 'తేడా' అనో గడి పేరు రాయి. వాక్యం వాళ్లే మళ్లీ రాసుకుంటారు.

పెద్దమ్మ