‘సిసిలియన్ వెస్పర్స్’: పుస్తకం ఒకటి, పాట ఒకటి

‘సిసిలియన్ వెస్పర్స్’ ఒపెరా (పాటలతో నడిచే నాటకం) వింటూ పుస్తకంలో మాటలు చూస్తుంటే రెండూ కలవడం లేదా? మీ చేతిలోది ఫ్రెంచి పాఠం, వింటున్నది ఇటాలియన్ రికార్డింగు అయ్యుంటుంది. మొదటి అంకం నుంచే మాటలు కలవకపోవడానికి కారణం అదే. సిసిలీలోని పలెర్మో నగరంలో 1282లో జరిగిన తిరుగుబాటు మీద ఇటలీ స్వరకర్త వెర్ది దీన్ని 1855లో పారిస్ కోసం ఫ్రెంచిలోనే కూర్చాడు.

1. రెండో అంకం తెరవండి. పడవ దిగిన తిరుగుబాటు నాయకుడు ప్రోచిదా సొంత నేలను పలకరిస్తాడు. ‘ఓ తు, పలెర్మో’ అని వినిపిస్తే ఇటాలియనే.
2. ఆ ఇటాలియన్ పాఠమే తెచ్చుకోండి. అందులో కథానాయకుడు ఆన్రీ పేరు అరిగో.
3. చాలామంది తప్పిపోయేది మూడో అంకంలో. అక్కడ నాలుగు ఋతువుల బాలే (నృత్యం) ఉంది: దాదాపు అరగంట, అంతా వాద్యాలే, ఎంత హాయైన సంగీతమో! కొన్ని రికార్డింగుల్లో తీసేస్తారు. ఉంటే పేజీ తిప్పకుండా ఆగండి, గొంతులు మళ్ళీ వినపడ్డాక అక్కడి నుంచే అందుకోండి.