టైటానిక్ మొదటి ప్రయాణంలోనే ఎందుకు మునిగింది?

"అంత పెద్ద ఓడ ఒక్క మంచుకొండకే ఎలా మునిగింది? బైనాక్యులర్స్ లేకపోవడం వల్లేనా?" అని అడిగారు. సరుకు ఓడల్లో డెక్ ఆఫీసర్‌గా రాత్రి వాచ్‌లు, అంటే కాపలా డ్యూటీలు చేసినవాణ్ణి కాబట్టి, నాకు అర్థమైనంతలో చెప్తాను.

నా లెక్కలో మొదటి కారణం వేగమే. 1912 ఏప్రిల్ 14న ముందు మంచు ఉందని వేరే ఓడల నుంచి వైర్‌లెస్‌లో పదేపదే హెచ్చరికలు వచ్చాయి. అయినా రాత్రి 11:40కి ఓడ 22 నాట్లకు పైగా వేగంతో పోతోంది, అంటే సెకనుకు 11 మీటర్లు. మంచుకొండ కనపడ్డాక మిగిలింది అర నిమిషం పైచిలుకే. అంత బరువున్న ఓడ ఆ కాస్త సమయంలో ఆగదు, పూర్తిగా తిరగదు కూడా. అయితే ఆకాశం తేటగా ఉంటే వేగం తగ్గించకపోవడం ఆ రోజుల్లో కెప్టెన్లందరికీ మామూలే. తప్పు కెప్టెన్ స్మిత్ ఒక్కడిదే అనడం న్యాయం కాదు.

ఆ రాత్రి చంద్రుడు లేడు, గాలి లేదు, సముద్రం పలకలా ఉంది. అల ఉంటే మంచు అంచున విరిగి తెల్లగా కనపడుతుంది. అది కూడా లేదన్నమాట. బైనాక్యులర్స్ సంగతికొస్తే, వాచ్‌లో మేము ముందు వెతికేది మామూలు కళ్లతోనే. ఏదో కనపడ్డాక అదేంటో తేల్చుకోడానికే బైనాక్యులర్స్. ఒకసారి వసంతకాలంలో కెనడా వైపు వెళ్తుంటే మంచు హెచ్చరిక వచ్చింది. మా కెప్టెన్ దూరమైనా సరే దక్షిణం దారి పట్టించి, రాత్రి వేగం తగ్గించి, అదనంగా ఒకరిని కాపలా పెట్టారు. రాడార్ ఉన్నా నాకు టెన్షనే, ఎందుకంటే చిన్న మంచు గడ్డలు అలల మధ్య రాడార్‌కి సరిగ్గా చిక్కవు.

ఇక మునగడం. ఓడ అడుగున నీరు చొరని 16 గదులు ఉండేవి. ముందు నాలుగు నిండినా తేలుతుంది. మంచు రాసుకుపోయి కుడివైపు అయిదారు గదులకు చీలికలు పడ్డాయి. పెద్ద గండేమీ కాదు. 1996లో మునిగిన ఓడను సోనార్‌తో, అంటే ధ్వని తరంగాలతో చూస్తే సన్నటి చీలికలే తేలాయి, అన్నీ కలిపితే చదరపు మీటరు పైచిలుకు. కానీ గదుల మధ్య గోడలు పైడెక్కుల దాకా లేవు. ముందుభాగం కుంగేకొద్దీ, మడి నిండి గట్టు పొర్లినట్టు నీరు ఒక గదిలోంచి వెనక గదిలోకి దిగింది. ఓడ డిజైనర్ థామస్ ఆండ్రూస్ కాసేపటికే ఇక నిలవదని తేల్చేశాడు. అర్ధరాత్రి దాటాక 2:20కి ఓడ మునిగిపోయింది. ఓడ ఉక్కు రేకుల్ని కలిపే మేకులు, అంటే రివెట్లు నాసిరకమన్న వాదన ఉంది, కొంత నిజం ఉండొచ్చు. అయినా వేగం, గోడల ఎత్తు తర్వాతే నేను దాన్ని లెక్కేస్తాను.

దాదాపు 1500 మంది చనిపోవడానికి కారణం మాత్రం వేరు. ఓడలో సుమారు 2200 మంది ఉంటే, 20 లైఫ్‌బోట్లలో పట్టేది 1178 మందికే. అవి కూడా చాలావరకు నిండకుండానే దిగాయి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఎందుకంటే బ్రిటిష్ చట్టం అడిగింది ఇంకా తక్కువ, 16 పడవలే. ఆ చట్టంలోని పట్టిక 10,000 టన్నుల ఓడల దగ్గరే ఆగిపోయింది. టైటానిక్ 46,000 టన్నులు.