అమ్మేసిన ప్లేయర్, అటక మీది క్యాసెట్లు

ప్రశ్న: మా నాన్నగారు ఇష్టపడి కొనుక్కున్న హెచ్‌ఎంవీ ఫియస్టా రికార్డ్ ప్లేయర్, ఒక టేప్ రికార్డర్ మా ఇంట్లో ఉండేవి. ఆమదాలవలసలో పాత ఇల్లు పడగొట్టి కట్టేటప్పుడు అడ్డమని రెండూ పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. నాన్న ఏమీ అనలేదు. ఆయన పోయాక నా ధ్యాసంతా ఆ ప్లేయర్ మీదే. అదే మోడల్ ఆన్‌లైన్‌లో వేలల్లో చెబుతున్నారు, కొనమంటారా? మా అప్ప మాత్రం ‘ముందు అటక మీద క్యాసెట్ల పెట్టె దించరా’ అంటోంది.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మీ అప్ప మాట వినండి. ఈ ఆదివారమే ఆ పెట్టె దించండి.

ఫియస్టా ఫ్యాక్టరీలో తయారైన వస్తువు, మీది పోయినా అలాంటివి ఇంకా దొరుకుతున్నాయని మీరే రాశారు. సినిమా పాటల రికార్డులూ అంతే. కానీ టేప్ రికార్డర్ ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు రికార్డ్ చేసే ఎర్ర బటన్ నొక్కే ఉంటారు. మన వైపు ఊళ్లో తప్పెటగుళ్లు ఆడినా, జముకుల కథ చెప్పినా, పెళ్లిలో ముసలమ్మలు పాటలు ఎత్తుకున్నా పక్కన ఎవరిదో ఒక టేప్ రికార్డర్ తిరుగుతూ ఉండేది, వాటికి రెండో కాపీ ఎక్కడా ఉండదు. లేబుల్ చూసి సినిమా క్యాసెట్టే కదా అని పక్కన పడేయకండి. పాటలతో కొన్న క్యాసెట్‌కి వెనక అంచున రెండు చిన్న గుంటలుంటాయి, దాని మీద మళ్లీ రికార్డ్ కాకుండా. ఆ గుంటల్లో కాగితం కుక్కి ఉన్నా, పైన సెల్లో టేప్ అంటించి ఉన్నా ఎవరో దాని మీద ఇంకేదో రికార్డ్ చేశారన్నమాట. ముందు వాటినే వినండి.

మన సముద్రపు గాలి తేమకి టేప్ మీద తెల్లగా బూజు పడుతుంది. బూజున్నదాన్ని మెషీన్‌లో పెడితే అది హెడ్‌కి, అంటే టేప్‌ని చదివే భాగానికి, అంటుకుని తర్వాతి క్యాసెట్లకీ పాకుతుంది కాబట్టి వాటిని వేరే పెట్టండి, తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించండి. బాగున్నవాటిని ముందు చేత్తో కాస్త తిప్పి వదులు చేయండి, వెంటనే ఫార్వర్డ్ నొక్కకండి. సీ-90 (తొంభై నిమిషాల) క్యాసెట్లలో టేప్ సీ-60 (అరవై నిమిషాల) వాటికంటే పల్చన, లాగితే తెగుతుంది. బాగా నడిచే మెషీన్ ఎవరిదగ్గరన్నా అడిగి తెచ్చుకుని, హెడ్ స్పిరిట్‌తో తుడిచి, హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కంప్యూటర్‌కి వైరు కలిపి మొదటిసారి వినేటప్పుడే రికార్డ్ చేసేయండి. రెండోసారి వినే అవకాశం వస్తుందో రాదో.

ప్లేయర్ కొనొద్దని నేననను. నాన్న ఏమీ అనలేదన్న ముక్క దగ్గరే మీ బాధంతా ఉందని నాకనిపించింది, అది వేలు పోసి కొన్న ఇంకొకరి ప్లేయర్‌తో తీరేది కాదు. ఏదో ఒక క్యాసెట్ చివర ‘ఆపరా, అయిపోయింది’ అంటూ ఆయన గొంతు వినిపిస్తే దాని ముందు ఏ మెషీనూ నిలబడదు. ఆ తర్వాత కూడా కావాలనిపిస్తే నిరభ్యంతరంగా కొనండి. పాట మొత్తం ఆడుతున్న వీడియో పంపమని అడగండి, స్వరం సాగుతున్నట్టుంటే లోపల రబ్బరు చక్రం గట్టిపడినట్టే. ముల్లు మాత్రం కొత్తది వేయించాకే మీ రికార్డ్ పెట్టండి, అరిగిన ముల్లు గాడిని గీకేస్తుంది. ఏళ్ల తరబడి మూలపడ్డ సెట్‌ని నేరుగా ప్లగ్‌లో పెట్టకండి, మెకానిక్ చేత సీరీస్ బల్బు మీద, అంటే కరెంటు దారిలో ఒక బల్బు కలిపి, చూపించండి.

ప్రశ్న: మా తాతగారి నాటి రికార్డులు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్‌వి, మా ఇంట్లో ఉన్నాయి, నల్లగా బరువుగా ఉంటాయి. దుమ్ము పట్టాయి. స్పిరిట్‌తో తుడవొచ్చా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: వద్దమ్మా, అస్సలు వద్దు! మీరు చెప్పినదాన్ని బట్టి అవి 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులు, వాటిలో ఉండేది లక్క. వడ్రంగులు స్పిరిట్‌లో కరిగించి పాలిష్ వేసేది దాన్నే, కాబట్టి స్పిరిట్ తగిలితే గాడి కరిగిపోతుంది. మెత్తటి బ్రష్‌తో గాడి వెంట దుమ్ము దులిపి, కొంచెం తడిపిన మెత్తని బట్టతో లేబుల్ తడవకుండా తుడిచి ఆరబెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. తర్వాత వచ్చిన ఎల్పీ రికార్డుల ముల్లుతో వాయించకండి, 78 గాడి వెడల్పు, దానికి లావు ముల్లు కావాలి. విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పిన ఆయన వాయించిన వయొలిన్ ఆ రికార్డుల్లో మీ ఇంట్లోనే ఉంది, వినండి, పిల్లలకీ వినిపించండి.