పన్ను పీకాక రాసిచ్చే ఆ మాత్రల సంగతి

అమెరికాలో ఉద్యోగంలో చేరి డెంటల్ ఇన్సూరెన్స్ చేతికి రాగానే జ్ఞానదంతం పీకించుకునేవాళ్ళు మనలో చాలామందే. ఆ చీటీలో హైడ్రోకోడోన్-అసిటమినోఫెన్ 5-325 అని ఉంటే ఫార్మసీకి పరుగెత్తకండి. 325 అన్నది మన డోలోలో ఉండే పారాసెటమాలే. ముందున్న ఆ 5 మిల్లీగ్రాములు ఓపియాయిడ్, నల్లమందు జాతి. అది వేసుకుంటూ పైన మళ్ళీ టైలెనాల్ మింగితే పారాసెటమాల్ రెండు దిక్కులనుంచీ చేరి లివర్ మీద పడుతుంది.

"ఐబుప్రొఫెన్, టైలెనాల్ కలిపి వాడితే సరిపోదా అండీ?" అని డెంటిస్టును మొహమాటపడకుండా అడగండి. పంటినొప్పికి ముందు వాడాల్సింది అవేనని అమెరికన్ డెంటల్ అసోసియేషనే చెబుతోంది. అల్సరో కిడ్నీ సమస్యో ఉంటే మాత్రం ఆ మాట ముందే చెప్పాలి.

మెదడులో మ్యూ రిసెప్టర్లని ఉంటాయి. ఒంట్లో తయారయ్యే ఎండార్ఫిన్లు వాటికి అతుక్కుని నొప్పిని తగ్గిస్తాయి. ఓపియాయిడ్ కూడా అక్కడికే చేరుతుంది. నొప్పి తగ్గడమే కాదు, డోపమిన్ పెరిగి ఒళ్ళంతా హాయిగా ఉంటుంది. కొన్నాళ్ళకి మెదడు దానికి అలవాటుపడి, నిన్న ఒకటితో తగ్గినదానికి ఇవాళ రెండు అడుగుతుంది. ఉన్నట్టుండి ఆపేస్తే ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్ళు నొప్పులు, విరేచనాలు, నిద్రలేమి. ఫ్లూ ఏమో అనుకుంటాం. ఇంకో మాత్ర పడగానే అన్నీ సర్దుకుంటాయి, అక్కడే పీటముడి బిగుసుకుంటుంది.

"మంచి కుటుంబాల పిల్లలకి ఇవన్నీ ఎందుకొస్తాయండీ" అనే మాట ఇక్కడి మన పార్టీల్లో ఇప్పటికీ వింటుంటాను. మ్యూ రిసెప్టర్‌కి గోత్రం తెలీదు. పర్డ్యూ ఫార్మా అనే మందుల కంపెనీ 1996లో ఆక్సీకాంటిన్ అనే ఓపియాయిడ్ మాత్ర తెచ్చి, అలవాటయ్యే ప్రమాదం తక్కువని డాక్టర్లనే నమ్మించింది. నడుంనొప్పికి డాక్టరు రాసిన చీటీతో మొదలుపెట్టి మునిగిపోయినవాళ్ళు ఎందరో. ఆ కంపెనీ 2020లో ఫెడరల్ కోర్టులో నేరం ఒప్పుకుంది.

ఊపిరిని నడిపే మెదడు భాగాన్ని కూడా ఈ మందు మందగింపజేస్తుంది. అందుకే దీనితో మద్యం, అమ్మానాన్నల సంచిలోని అల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రలు అస్సలు కలపకూడదు.

స్టూడెంట్లకి ఇంకో మాట. పరీక్షల ముందు ఎవరో తెచ్చిచ్చే అడెరాల్ (ఏకాగ్రత లోపానికి రాసే మాత్ర), స్నాప్‌చాట్‌లో కొన్న పెయిన్ కిల్లర్ అసలువి కాకపోవచ్చు, అందులో ఫెంటనిల్ అనే చాలా గాఢమైన ఓపియాయిడ్ ఉండొచ్చు. 2 మిల్లీగ్రాములు కూడా ప్రాణం తీయగలవు. చూసి కనిపెట్టడం ఎవరివల్లా కాదు. మనిషి లేపినా లేవకుండా, పెదాలు నీలంగా మారి, గొంతులో గురగురమంటుంటే వెంటనే 911 చేయండి, ముక్కులో ఓపియాయిడ్‌కి విరుగుడైన నార్కాన్ స్ప్రే కొట్టండి. 2023 నుంచి అది చీటీ లేకుండానే ఫార్మసీలో దొరుకుతోంది. మళ్ళీ ఊపిరి అందాక కూడా వదిలి వెళ్ళొద్దు, నార్కాన్ ప్రభావం మందుకన్నా ముందే తగ్గిపోవచ్చు. వీసా ఏమవుతుందోనన్న టెన్షన్‌తో ఫోన్ చేయడం ఆలస్యం చేయకండి, ఫోన్ చేసినవాళ్ళకి ఎంతో కొంత రక్షణ ఇచ్చే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి.

అలవాటైపోయిందనిపిస్తే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1-800-662-4357కి ఫోన్ చేయండి, వివరాలు గోప్యంగా ఉంచుతారు. బ్యూప్రెనార్ఫిన్ లాంటి మందులతో బయటపడొచ్చు.

మిగిలిన మాత్రలు రూమ్మేట్‌కి ఇవ్వడం నేరం. నియంత్రిత మందుల కేసులో శిక్ష పడితే ఇమిగ్రేషన్‌కి నిజంగానే ముప్పు. చాలా ఫార్మసీల్లో వాటిని పడేసే డబ్బాలుంటాయి. ఊరినుంచి వచ్చే అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పి మాత్రల్లో ట్రమడాల్ అనే ఓపియాయిడ్ ఉందేమో కూడా చూడండి. ఉంటే అసలు స్ట్రిప్‌తో, డాక్టరు చీటీతో సహా తెచ్చుకోమనండి. ఇక్కడ 2014 నుంచీ, ఇండియాలో 2018 నుంచీ అదీ నియంత్రిత మందే.