సెమీకండక్టర్ క్రిస్టల్ గ్రోత్‌లో పోస్ట్‌డాక్: ప్రొఫెసర్ పేరు చూడాలా, మెషిన్ చూడాలా?

క్వాంటం డాట్స్ మీద పీహెచ్‌డీ అయిపోవచ్చింది, జర్మనీ నుంచి రెండు ఆఫర్లు వచ్చాయి, ప్రొఫెసర్ పేరు చూసి ఒప్పుకోవచ్చా అని అడిగారు. నేను అక్కడే ఎంబీఈ (గాలి తీసేసిన ఛాంబర్లో అణుపొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి స్ఫటికం పెంచే పద్ధతి) మీద 5 ఏళ్లు పోస్ట్‌డాక్ చేశాను. ముందు మెషిన్ సంగతి కనుక్కోండి, పేరు తర్వాత చూడొచ్చు.

నా మొదటి కాంట్రాక్టు 2 ఏళ్లు. చేరిన వారానికే గాలియం అయిపోయిందని ఛాంబర్ తెరిచారు. గాలియం నింపడం ఒక్కరోజు పనే. కానీ మూసాక హీటింగ్ టేపులు చుట్టి, పైన అల్యూమినియం ఫాయిల్ కప్పి, 150 డిగ్రీలు దాటిన వేడిలో రోజుల తరబడి బేకవుట్ చేయాలి. లోపలి గోడలకు పట్టిన తడి పోతేగానీ వాక్యూమ్ 10⁻¹⁰ టార్ (పీడనం కొలత) దరిదాపులకు రాదు. మాకు రాలేదు. హీలియం ట్యూబు పట్టుకుని ఒక్కో ఫ్లాంజూ (ఛాంబర్ భాగాలు బిగించే అతుకు) వెతికితే కిటికీ దగ్గర సన్నని లీకు దొరికింది. మళ్లీ తెరిచాం, మళ్లీ బేకవుట్. మంచి శాంపిల్ చేతికొచ్చేసరికి 7 నెలలు గడిచాయి. ఇంటి నుంచి ఫోనొస్తే "పని బాగానే సాగుతోంది నాన్నా" అనడానికి గొంతు పెగిలేది కాదు.

అయినా ఈ పని మీద నాకు ప్రేమ పోలేదు. గాలియం ఆర్సెనైడ్ మీద ఇండియం ఆర్సెనైడ్ వేస్తుంటే రీడ్ (ఎలక్ట్రాన్ పుంజంతో ఉపరితలం ఎలా ఉందో చూపే పరికరం) తెర మీద పచ్చటి గీతలు నిలువుగా కనిపిస్తాయి. సుమారు 1.7 అణుపొరలు దాటగానే ఆ గీతలు చూస్తుండగానే చుక్కలుగా విడిపోతాయి. రెండు స్ఫటికాల అణువుల ఎడం 7 శాతం దాకా తేడా కాబట్టి, పొర ఆ ఒత్తిడి ఓర్చుకోలేక చిన్న చిన్న దిబ్బలుగా లేస్తుంది. మీ క్వాంటం డాట్స్ అవే. అణువుల ప్రవాహాన్ని ఆపే షట్టర్ ఎప్పుడు మూయాలో చేతికి తెలియాలి. అది నెలల తరబడి మెషిన్ ముందు కూర్చుంటేనే వస్తుంది.

అందుకే రెండు ల్యాబులనీ అడగండి: పోయిన ఏడాది మెషిన్ ఎన్ని నెలలు నడిచింది? మీకు వారంలో ఎన్ని రోజులిస్తారు? టెక్నీషియన్ ఉన్నారా? శాంపిల్ పెంచినవాళ్ల పేరు పేపర్లో ఎక్కడ వేస్తారు? ఈ చివరిది అడగడానికి మొహమాటపడకండి. రాత్రంతా మేలుకుని నేను పెంచిన వేఫర్లు వేరే గ్రూపుకు వెళ్లి, నా పేరు ఆరోదిగా అచ్చయిన పేపర్లున్నాయి. అప్పటినుంచి ఫొటోల్యూమినెసెన్స్ (కాంతి పడేసి శాంపిల్ తిరిగి వెలువరించే వెలుగును చూడటం), ఎక్స్‌రే కొలతలు నేనే చేసుకోవడం నేర్చుకున్నాను.

కంపెనీల వైపు వెళ్లే ఆలోచన ఉంటే ఎంఓసీవీడీ (వాయువుల రసాయన చర్యతో పొరలు పెంచే పద్ధతి) ఉన్న ల్యాబు మేలు. ఎల్‌ఈడీలు, గాలియం నైట్రైడ్ పవర్ చిప్‌లు ఎక్కువగా దాంతోనే తయారవుతాయి. ఆ మెషిన్లు చేసే ఐక్స్‌ట్రాన్ ఉన్నదీ జర్మనీలోనే. నీలి ఎల్‌ఈడీకి 2014లో నోబెల్ పంచుకున్న నకమురా, నిచియా కంపెనీలో రియాక్టర్‌ను తన చేతులతోనే మార్చుకుంటూ గాలియం నైట్రైడ్ పెంచారు. మెషిన్ విప్పి బిగించడం వచ్చినవాళ్లకి ఈ రంగంలో ఎప్పుడూ గిరాకీయే.

యూనివర్సిటీలోనే ఉండాలనుకుంటే, అక్కడి చట్టం ప్రకారం పీహెచ్‌డీ తర్వాత తాత్కాలిక కాంట్రాక్టులకు మామూలుగా 6 ఏళ్ల గడువు. పాడైన మెషిన్ దగ్గర పోయిన నెలలూ అందులోకే వస్తాయి.

సంతకం పెట్టేముందు ఆ ల్యాబులో ఇప్పుడు గ్రోత్ చేస్తున్న విద్యార్థితో విడిగా మాట్లాడండి. రెండు మెషిన్ల వివరాలు ఇక్కడ రాస్తే నాకు తోచింది చెప్తాను.