2016 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో హిల్లరీకి 71 శాతం అన్న మోడల్ తప్పినట్టేనా?

తప్పిందని నేననను. సర్వేల లెక్కలతో ఎన్నికల ఫలితాన్ని అంచనా వేసిన అమెరికా వెబ్‌సైట్ ఫైవ్‌థర్టీఎయిట్ మోడల్ చివరి అంచనాలో హిల్లరీ క్లింటన్‌కు సుమారు 71, ట్రంప్‌కు 29 శాతం గెలుపు అవకాశం ఇచ్చింది. అవి ఓట్ల శాతాలు కావు. చాలామంది తికమకపడేది ఇక్కడే. 29 శాతమంటే కొట్టిపారేసేదేం కాదు.

ఆ మోడల్ రాష్ట్రాలవారీ సర్వేలకు శాంపిల్, తేదీ, సంస్థ పాత రికార్డు చూసి సగటు కట్టేది. తర్వాత సర్వేల పొరపాటుకు చోటిస్తూ ఎన్నికను కంప్యూటర్లో వేల సార్లు నడిపేది. అసలు కిటుకు ఆ పొరపాట్లు కలిసి రావడంలో ఉంది. విస్కాన్సిన్ రాష్ట్ర సర్వేల్లో ట్రంప్ వైపు మొగ్గిన డిగ్రీ లేని తెల్లవాళ్లు తక్కువ మంది లెక్కకొస్తే మిషిగన్, పెన్సిల్వేనియాల్లోనూ అదే జరగొచ్చు. జరిగింది కూడా: మూడూ ఒక్క శాతం లోపు తేడాతో ట్రంప్‌కే పోయాయి. ఈ ఉమ్మడి పొరపాటును మరీ చిన్నదిగా పెట్టుకున్న ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ వాళ్ల మరో మోడల్ మాత్రం హిల్లరీకి 99 శాతం ఇచ్చి కూర్చుంది.