గేమ్ కన్సోల్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

టీవీకి తగిలించి ఆడే ప్లేస్టేషన్ 5 కన్సోల్‌కు అంత డబ్బు పెట్టవచ్చా, ఒక్క మాటలో చెప్పమన్నావు. కొను, డిస్కు పెట్టేదే కొను. కానీ నువ్వు పంపిన లెక్క చూశాక ఆ ఒక్క మాటతో వదిలేయబుద్ధి కావడం లేదు. యాభై ఐదు వేలని రాసి కింద గీత గీశావు. అసలు ఖర్చు ఆ గీత కిందే మొదలవుతుంది.

ముందు, ధర తగ్గేదాకా ఆగుదామన్న ఆలోచన సంగతి. ఒకప్పుడు అది తెలివైన పనే. ప్లేస్టేషన్ 2 అమెరికాలో 2000లో 299 డాలర్లకు వచ్చి 2002కి 199కి దిగింది. ఇప్పుడు వరస తిరగబడింది. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలకు వచ్చింది, మరుసటి ఏడాది నవంబరులో 54,990 అయి కూర్చుంది. 2024 ఏప్రిల్‌లో దాని చిన్న రూపం స్లిమ్ వచ్చింది. ఒళ్లు తగ్గింది గానీ ధర తగ్గలేదు. పండుగ అమ్మకాల్లో కొన్ని వేలు తగ్గిస్తుంటారు కాబట్టి దసరా దాకా ఆగితే ఆగు, అంతకు మించి ఎదురుచూడకు. ఇంకా శక్తిమంతమైన ప్రో మోడల్ కావాలని మీ రూమ్మేట్ అంటున్నాడట. అది 2024 నవంబరులో అమెరికాలో 699.99 డాలర్లకు విడుదలైంది. దాని వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల బ్యాండుకు అప్పటికి ఇక్కడ అనుమతి లేక మన దేశంలో విడుదల చేయలేదు. ఎవరో సూట్‌కేసులో తెచ్చినదానికి వారంటీ ఎవరిస్తారు? పాడైతే నాలాంటి రిపేరువాడి బల్ల మీదికి రావలసిందే.

డిస్కు పెట్టే వీల్లేని డిజిటల్ ఎడిషన్ ధర తక్కువని ఊరిస్తుంది. ఆ తేడా ఎంతోకాలం మిగలదు. పేరున్న కొత్త ఆట ఒక్కోటి ఐదు వేల దగ్గర ఉంటుంది. డిస్కయితే ఆడేశాక అమ్మేయవచ్చు, స్నేహితుడితో మార్చుకోవచ్చు. డౌన్‌లోడ్ చేసుకున్నది మాత్రం నీ అకౌంటుకే అతుక్కుపోతుంది. ప్లేస్టేషన్ 4 డిస్కులు కూడా దాదాపు అన్నీ ఇందులో ఆడతాయి కాబట్టి, పాత డిస్కులతోనే నీకు రెండేళ్లు గడిచిపోతాయి.

సికింద్రాబాద్ పార్క్‌లేన్ వైపు వెళ్లి పాత డిస్కు కొనేటప్పుడు దుకాణంలో దీపం కింద ఏటవాలుగా పట్టి చూడు. మధ్య నుంచి అంచు వైపు నిలువుగా పోయే సన్న గీతలు అంత ప్రమాదం కాదు. డిస్కు చుట్టూ గుండ్రంగా తిరిగే గీత ఉంటే వదిలేయి. డేటా కూడా ఆ వరసలోనే రాసి ఉంటుంది గనుక ఒక్క గీత చాలా దూరం చెరిపేస్తుంది. నడిమి రంధ్రం చుట్టూ వేలితో తడిమి చూడు. అక్కడ వెంట్రుకంత పగులున్నా, పావు ధరకిచ్చినా తీసుకోకు. దుకాణదారు విసుక్కుంటాడు, విసుక్కోనీ.

టీవీ మార్చాలని రాశావు. అక్కర్లేదు. మరింత స్పష్టమైన 4కే బొమ్మను సెకనుకు 120 సార్లు (120 హెర్ట్జ్) చూపడానికి హెచ్‌డీఎంఐ 2.1 అనే కొత్త రకం కేబుల్ సాకెట్ ఉన్న టీవీ కావాలి, నిజమే. కానీ మీ ఫ్లాటులో ఉన్న మామూలు టీవీలో కూడా ఆట చక్కగానే ఆడుతుంది. కన్సోల్ కోసం టీవీ, టీవీ కోసం సౌండ్‌బార్ అంటూ పోతే ఆ జాబితా తెగదు. ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడాలంటే ప్లేస్టేషన్ ప్లస్ చందా కట్టాలి. అసలు కొనక్కర్లేకుండా అందరికీ ఉచితంగా దొరికే ఆటలకు మాత్రం ఆ చందా అవసరం లేదు. ఇక రెండో కంట్రోలర్‌కు కొన్ని వేలు వేసుకో. దాని మీద బొటనవేళ్లతో తిప్పే పుల్లలు అరిగి, నువ్వు ముట్టకపోయినా ఆటలోని బొమ్మ తనంతట తానే పక్కకు నడవడం రిపేరుకు వచ్చేవాటిలో నేను తరచూ చూసే జబ్బు.

వాయిదాల విషయం. వడ్డీ లేదంటారు గానీ ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, వడ్డీ మొత్తాన్ని తగ్గింపుగా చూపించినా దాని మీద 18 శాతం జీఎస్టీ నీ కార్డు మీదే పడుతుంది. ఆ కాగితం చదివాకే సంతకం పెట్టు.

హైదరాబాద్ వేసవి సంగతి కంపెనీ పెట్టె మీద రాయదు. ఈ యంత్రం 35 డిగ్రీల లోపు గది వేడిలో నడవాలని కంపెనీ లెక్క. మే నెలలో కొండాపూర్‌లో పై అంతస్తు ఫ్లాటు మధ్యాహ్నం ఎలా ఉంటుందో నీకు తెలుసు. టీవీ కింద తలుపుల అరలో దూర్చి మూయకు, వెనక జానెడు ఖాళీ ఉంచు. పక్క రేకు తీస్తే దుమ్ము చేరడానికని చేసిన చిన్న గుంటలు కనిపిస్తాయి. మీ వీధిలో ఎప్పుడూ ఏదో ఒక అపార్టుమెంటు లేస్తూనే ఉంటుంది కదా, నెలకోసారి అక్కడ వాక్యూమ్ పట్టించు. ఈదురుగాలి వానలకు కరెంటు పోయే రోజుల్లో యూపీఎస్ మీద పెడితే ఇంకా మంచిది. సేవ్ అవుతుండగా కరెంటు పోతే డేటా చెడవచ్చు.

ఇంతకీ నీకు అవసరమా అంటావా? నీ ల్యాప్‌టాప్‌లో డబ్బు పెట్టి కొన్న ఆటలున్నాయి కదా, వాటిలో చివరిదాకా ఆడినవెన్నో చూసుకో. సగమైనా పూర్తి చేసి ఉంటే ఈ డబ్బు వృథా కాదు, ఆదివారాలు మాత్రమే ఆడినా సరే. అన్నీ మొదటి గంటలోనే ఆగిపోయి, ఫోనులో అదే ఒక్క తుపాకుల ఆట రోజూ ఆడుతున్నావంటే, కన్సోల్ కొన్నా ఆ ఆటే ఆడతావు. దానికి ఫోను చాలు. మీ అమ్మ అడిగితే నేను ఇదే చెబుతాను, దాచను.

ఫ్లాటులో ఉండే మీ ముగ్గురూ తలా కాస్త వేసుకుని కొందామన్నది మాత్రం నాకు నచ్చలేదు. ఒకడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చిన రోజున దాన్ని ఎలా పంచుతారు? నువ్వొక్కడివే కొను, వాళ్లు ఆటల డిస్కులు తెచ్చుకోనీ. బిల్లు నీ పేరునే రాయించు. వారంటీ ఏడాది ఉంటుంది, ఆ ఏడాదీ బిల్లు, పెట్టె రెండూ జాగ్రత్త.

మీ మామయ్య